హెన్రియెట్టా ఓడలో పోయిన పోతురాజు తాత

ఓడలరేవు,
4 ఆగస్టు 2024

మమతమ్మకి,

ఓడలరేవు నుంచి మీ మావయ్య సింహాద్రి. ఇక్కడ నేను, మీ అత్త వీరదుర్గ, మీ అమ్మమ్మ, రెండు గేదెలు అందరం కులాసా. చెన్నైలో నువ్వు కూడా అలాగే ఉన్నావనుకుని నేరుగా పనిలోకి వస్తున్నాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. మీ అత్త ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడుతుంది. పోయిన నెల నా మొలల సంగతి డాక్టరుగారితో చెబుతుంటే, వీధి చివర వల అల్లుకుంటున్న నలుగురు లేచి వచ్చి తలో మందూ చెప్పారు. ఇది అంతకంటే గుట్టుగా ఉండాల్సిన వ్యవహారం.

మా తాత పోతురాజు, అంటే మీ అమ్మమ్మ మహాలక్ష్మమ్మని కన్న తండ్రి, రంగం ఓడ ఎక్కాడనీ, ఆ ఓడ మునిగి సముద్రంలో కలిసిపోయాడనీ నీకు ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ చెబుతున్నాను. రంగం అంటే రంగూన్. ఆయన త్యాగానికి గుర్తుగానే గంగమ్మ జాతరలో మొదటి పడవ మన ఇంటిది. మొన్న సంఘం మీటింగులో బోటు ఓనర్ల అధ్యక్షుడు నాగసతీష్ లేచి, "సింహాద్రిగారూ, ఏమీ అనుకోకండి. మీ తాతగారు ములిగిన ఓడ పేరేంటండీ?" అన్నాడు.

"ఎండ్రకాయట్టా" అన్నాను. మా నాన్న అలాగే చెప్పేవాడు.

"ఆయ్. ఆ పేరుతో ఓడ ఉంటాదాండీ?" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో, అంత గట్టిగా నవ్వారు అందరూ.

నాకు రోషం వచ్చింది. ఆటోస్టాండు దగ్గర సిమెంటుతో ఓడ కట్టించి, దాని మీద తాత విగ్రహం నిలబెడతానని అక్కడే ప్రకటించేశాను. ఎనభై ఐదేళ్ళ మనిషి మీ అమ్మమ్మ. తండ్రి మొహం ఆవిడ కళ్ళారా చూడాలా వద్దా? నువ్వు పాత కాగితాలు చదివే ఆఫీసులో ఉన్నావు కాబట్టి ఓడ అసలు పేరు, మునిగిన తేదీ, వీలైతే ఫోటో వెంటనే పంపు. 1937 నవంబరు అని మాత్రం మనకి తెలుసు. ఆవిష్కరణ నవంబరు 14న.

ఎవరికీ చెప్పకు. ఇక్కడ నేనూ ఎవరికీ చెప్పలేదు, మీటింగులో వాళ్ళకి తప్ప.

నీ మావయ్య,
సింహాద్రి


చెన్నై,
13 ఆగస్టు 2024

మావయ్యా,

నీ కవరు చేతిలో పెడుతూ మా హాస్టల్ వార్డెన్ ఉషారాణిగారు "ఎవరైనా పోయారా?" అని అడిగారు. "పోయి ఎనభై ఏడేళ్ళయింది" అన్నాను. అయినా పాపం ఆ పూట నాకు కాఫీ ఇచ్చారు.

నేను కాగితాలు చదవను మావయ్యా, స్కాన్ చేస్తానంతే. అయినా నీ కోసం రోజూ మధ్యాహ్నం మునిగిన ఓడల దస్త్రాలు తిరగేస్తున్నాను. ఎండ్రకాయట్టా ఎక్కడా లేదు. ఉన్నవి చదువుతుంటే మాత్రం అన్నం సహించడం లేదు. 1888లో గుజరాత్ తీరాన వైతరణ అనే ఓడ తుపానులో జాడ లేకుండా పోయింది. ఏడొందల మందికి పైగా. 1914లో కెనడాలో ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్ అనే పెద్ద ఓడ పొగమంచులో ఇంకో ఓడ గుద్దుకుని పద్నాలుగు నిమిషాల్లో మునిగింది. అదీ సముద్రంలో కాదు, నదిలో. టైటానిక్ సంగతి నీకు తెలుసు. దానికి నాలుగు పొగగొట్టాలుండేవి కానీ నాలుగో దాంట్లోంచి పొగ వచ్చేది కాదట, గాలి ఆడడానికీ చూపుకీ పెట్టారు.

నాకు బాధ కలిగించింది ఒకటే. పై తరగతి దొరల పేర్లు, వాళ్ళ కుక్కల పేర్లు కూడా ఉంటాయి. డెక్కు మీద చాపలేసుకుని పడుకున్న మనవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి "మరికొందరు" అని ఉంటుంది. ముత్తాత ఆ "మరికొందరు"లో లేకుండా చూడాలని నాకూ పట్టుదల వచ్చింది.

ఒక ఫోటో పెడుతున్నాను. దాని గురించి రెండో పేజీలో ముఖ్యమైన సంగతి రాశాను, తప్పకుండా చదువు.

మమత


ఓడలరేవు,
27 ఆగస్టు 2024

మమతమ్మకి,

ఫోటో అద్భుతం! ఎంత ఓడ! ఇంత ఓడలో వెళ్ళాడా మా తాత అని నాకు రెండు రోజులు గుండె ఉప్పొంగిపోయింది. తాపీమేస్త్రీ ఇశ్రాయేలుకి ఇచ్చేశాను. కాలవ పనిలో మిగిలిన సిమెంటు తూములు తెచ్చి నాలుగు పొగగొట్టాలూ నిలబెట్టేశాడు. నాలుగోది ఉత్తుత్తిదని నువ్వు రాశావు కాబట్టి దాన్ని చెత్తకుండీగా వాడుకోవచ్చని సలహా ఇచ్చాడు. తెలివైనవాడు.

రెండో పేజీ అన్నావు. అది మీ అత్త చేతిలో పడింది. ఎండురొయ్యలు పొట్లం కట్టి నాగసతీష్ నాయనమ్మ బుజ్జమ్మగారికి పంపేసింది. ముఖ్యమైనదైతే మళ్ళీ రాయి.

విగ్రహానికి కొత్తపేట వెళ్ళాను. అక్కడి శిల్పి దగ్గర ఎవరో నాయకుడి కోసం చేసి, వాళ్ళు తీసుకెళ్ళక మిగిలిన మొండెం ఉంది. కుడిచేతి చూపుడువేలు ముందుకు చాపి ఉంటుంది. లాల్చీ జేబులో పెన్ను ఉంటుంది. మా తాతకి చదువు రాదు కదా అన్నాను. "పెన్ను చెక్కెయ్యచ్చండి. కాపోతే జేబు కూడా వచ్చేస్తాదండి, జేబుతో పాటు గుండె కూడానండి" అన్నాడు. పెన్ను ఉంచెయ్యమన్నాను. మొహానికి తాత ఫోటో లేదు కాబట్టి నన్నే నాలుగు గంటలు ఎండలో కూర్చోబెట్టి చూసి చేశాడు. మీసం కాస్త పెంచమన్నాను. తాతకి ఉండేదో లేదో గాని నాకు ఎప్పటి నుంచో సరదా.

ఒక సంగతి. ఓడకి వైతరణ అని పేరు పెట్టినవాడెవడు? తెలుగువాడైతే కాడు. యమలోకం దారిలో ఉండే ఏరు పేరు పెట్టి, టిక్కెట్టు కూడా తీసుకున్నారన్నమాట.

శిలాఫలకం మీద రాతకి తొందరగా వివరాలు పంపు. "జలసమాధి అయిన అమరవీరుడు" అని మొదలుపెట్టి ఆపాను.

మావయ్య


చెన్నై,
10 సెప్టెంబరు 2024

మావయ్యా,

పని ఆపించు. ఇశ్రాయేలుగారిని ఇంటికి పంపించెయ్. కూర్చుని చదువు.

ఆ ఫోటో టైటానిక్ ఓడది. "ఇది మనది కాదు, ఊరికే నమూనా, మేస్త్రీకి మాత్రం చూపించకు" అని రెండో పేజీలో రాశాను. ఇప్పుడు ఆ సంగతి మీ నాగసతీష్ ఇంట్లో ఉందన్నమాట.

మన ఓడ దొరికింది. పేరు లేడీ హెన్రియెట్టా. హెన్రియెట్టాని మనవాళ్ళు ఎండ్రకాయట్టా చేశారు. పొగగొట్టం ఒక్కటే. కాకినాడలో బయల్దేరిన రాత్రే తుపాను పట్టుకుని రంగూన్ వైపు వెళ్ళాల్సిన ఓడని దక్షిణానికి ఈడ్చుకెళ్ళింది. 1937 నవంబరు 14న, సరిగ్గా నువ్వు ఆవిష్కరణ పెట్టిన తారీకే, తెల్లవారుజామున దివిసీమ దగ్గర ఇసుకమేట ఎక్కి కూర్చుంది. తరవాత బందరులో జరిగిన విచారణ కాగితాలు నా ముందున్నాయి. తెల్లారాక ప్రయాణికులు రెండొందల పదకొండు మందీ దిగి, నడుంలోతు నీళ్ళలో నడుచుకుంటూ ఒడ్డుకి వెళ్ళారట. ఓడ మాత్రం వారం తరవాత అలలకి విడిపోయింది.

ప్రాణనష్టం: కెప్టెన్‌గారి పాలమేక ఒకటి.

ముత్తాత వాంగ్మూలం కూడా ఉంది మావయ్యా! "పొట్టు రజూ, డెక్కు ప్రయాణికుడు, ఓడలరేవు" అని రాసుకున్నాడు దొర. "ఇక్కడ నీళ్ళ రంగు మారింది, ఇసుక ఉంది అని నేను అరిచాను. నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఓడ కూడా కూర్చుంది" అని చెప్పాడు. చదివి ఆఫీసులో పైకే నవ్వేశాను. తరవాత ఎందుకో ఏడుపొచ్చింది. ఆయన "మరికొందరు" కాదు. ఆయనకో పేరుంది, గొంతుంది.

ఒక్క ప్రశ్న. అమ్మమ్మ పుట్టినరోజు 1939 జనవరి అని ఆధార్ కార్డులో చూసిన గుర్తు. నిజమేనా?

మమత


ఓడలరేవు,
21 సెప్టెంబరు 2024

మమతా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను రావులపాలెంలో ఉన్నాను, ఆవిష్కరణకి అరటిగెలల బేరానికి. మీ అమ్మమ్మ కవరు చూసి "ఏం రాసిందే పిల్ల?" అంటే మీ అత్త వాకిట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. మీ అత్త గొంతుకి స్పీకరు అక్కర్లేదని నీకు తెలుసు.

ముందుగా, ఆ ఓడ మనది కాదు. నడుంలోతు నీళ్ళలో మునిగే ఓడలో మా తాత ఎందుకు ఎక్కుతాడు? పొట్టు రజూ ఎవరో వేరే మనిషి. మేకని ఫలకం మీద రాయాలా అని ఇశ్రాయేలు అడుగుతున్నాడు. నేను ఇల్లు దాటితే "మేక ఎలా ఉందండీ?" అంటున్నారు.

జనవరి నిజమే. నేను కూడా వేళ్ళ మీద లెక్కపెట్టాను. పద్నాలుగు నెలలు. మన ఇంట్లో అందరూ ఆలస్యమే, నీకు తెలుసు కదా. నువ్వు కూడా పరీక్షలన్నీ రెండోసారే పాసయ్యావు.

నాగసతీష్ నిన్న ఇంటికి వచ్చి, రొయ్యల వాసన కొడుతున్న నీ రెండో పేజీ మడతపెట్టి నా చేతికిచ్చాడు. "మీ కాగితం మా ఇంటికొచ్చేసిందండి. మేం చదవలేదండి" అన్నాడు. చదివాడు. చదవకపోతే పోతూ పోతూ ఆటోస్టాండు దగ్గర నాలుగు గొట్టాల వంక అంతసేపు చూసి అలా దగ్గడు. జాతరకి మొదటి పడవ వాళ్ళదే అని ఈసరికి వాళ్ళావిడ చీర కూడా కొనుక్కుని ఉంటుంది.

ఇవన్నీ పోనీ. నా దిగులు మీ అమ్మమ్మ గురించి. ఉత్తరం విన్నాక ఆ రోజు రెండుసార్లు అన్నం తింది. బెంగతోనే అయ్యుంటుంది. అడిగితే నవ్వుతోంది. కన్నతండ్రి గురించి ఇలాంటి మాట వింటే ఈ వయసులో ఎవరికైనా మతి చలించదా? ఇకమీదట నాకు ఏం రాసినా నా ఒక్కడికే తెలిసేలా రాయి.

మావయ్య


చెన్నై,
3 అక్టోబరు 2024

మావయ్యా,

ఈ కవరు మీద "సింహాద్రిగారు మాత్రమే విప్పవలెను" అని రాశాను. అత్తా, నువ్వే చదువుతుంటే ఇక్కడితో ఆపెయ్.

నేను తొందరపడ్డాను. అమ్మమ్మ వాకిట్లో కూర్చుని ఆ మాటలు వినడం ఊహించుకుంటే నిద్ర పట్టడం లేదు. కానీ ఓడ మనదే. వాంగ్మూలం చివరి కాగితం నిన్న దొరికింది. "కంపెనీ వారు నిన్ను వేరే ఓడలో రంగూన్ పంపుతామంటే ఎందుకు వద్దన్నావు?" అని దొర అడిగాడు. "ఒకసారి చాలు. ఇంటికి నడిచి పోతాను" అన్నాడు ముత్తాత. వేలిముద్ర వేశాడు. అక్కడితో ఆయన కాగితాల్లోంచి వెళ్ళిపోయాడు.

నన్ను తొలిచేస్తున్నది అదే. బందరు నుంచి బతికి బయల్దేరిన మనిషి ఇంటికి రాకపోతే ఎక్కడికి వెళ్ళినట్టు? దారిలో పోయాడా? వేరే చోట వేరే సంసారం పెట్టుకున్నాడా? ముత్తమ్మమ్మనీ కడుపులో ఉన్న... కడుపులో ఇంకా లేని అమ్మమ్మనీ వదిలేశాడా? చూశావా, లెక్క ఎలా రాసినా కుదరడం లేదు.

ముత్తమ్మమ్మ గురించి పాడు మాట నేను అనను, ఎవరినీ అననివ్వను. నువ్వు వద్దంటే ఈ కాగితం కాపీ కూడా తీయను. విగ్రహం పెట్టుకో. నాలుగు గొట్టాలూ ఉంచుకో. కానీ "జలసమాధి" అని మాత్రం రాయించకు మావయ్యా. బతికి ఒడ్డున పడ్డ మనిషిని మనం మళ్ళీ ముంచకూడదు.

సెలవు దొరకలేదు, పద్నాలుగుకి రాలేను. అమ్మమ్మని ఒక్కసారి మెల్లిగా అడుగు.

మమత


ఓడలరేవు,
18 నవంబరు 2024

మమతమ్మా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయలేదు. కోపంతో కాదు, భయంతో. అమ్మని అడుగుదామని రోజూ ఆవిడ మంచం దాకా వెళ్ళి, గేదెల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి. ఫలకం మీద ఏమీ రాయించలేదు. ఖాళీ రాయి మీద గుడ్డ కప్పి ఆవిష్కరణ పెట్టుకున్నాను.

పద్నాలుగో తారీకు పొద్దున్నే ఊరంతా ఆటోస్టాండు దగ్గర చేరింది. ఏటి అవతలి కరవాక ఊరి నుంచి కూడా పంటు పడవ నిండా జనం దిగారు. నేను పిలవలేదు. ఎవరు పిలిచారా అని చూస్తుంటే అమ్మ వాళ్ళని పేరుపేరునా పలకరిస్తోంది.

గుడ్డ తీశాం. అమ్మ విగ్రహాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. తరవాత "ఇది నువ్వు కదరా" అంది. అందరూ నవ్వారు. ఆవిడ మైకు తెమ్మంది. పట్టుకుందామని వెళ్తే చెయ్యి విదిలించేసింది.

"మా నాన్న ములిగిపోలేదర్రా" అంది. "పిల్ల రాసిందే నిజం. నీళ్ళలో దిగి నడుచుకుంటా వచ్చేడు. నర్సాపురంలో జ్వరమొచ్చి పడిపోయి, లేచి, మళ్ళీ నడిచేడు. ఓడ ములిగి అందరూ పోయేరన్న కబురు ముందే వచ్చేసిందంట, ఆయన ఊళ్ళోకి వచ్చేసరికి ఊరంతా ఆయన పెద్దకర్మ భోజనాలకి కూచుంది."

మైకు రెండో చేతిలోకి మార్చుకుంది.

"వెళ్ళేటప్పుడు డప్పులతో సాగనంపేరంట. రంగం నుంచి టేకు మంచం తేకపోతే ఈ ఊళ్ళో మొహం చూపించనని పది మందిలో అనేసేడు. ఇప్పుడు చిరిగిన పంచెతో మొహం ఎలా చూపిస్తాడు? ఆకలేసింది. తల మీద తువ్వాలేసుకుని ఆఖరి పంక్తిలో కూచున్నాడు. వడ్డించేది మా అమ్మే. బూరె వెయ్యబోయి మొహం చూసింది."

"ఏమన్నారండీ?" అన్నాడు నాగసతీష్, ఆగలేక.

"ఏమంటాది? ఇంకో బూరె వేసింది. 'తినేసి కరవాక పో. ఊరోళ్ళు తినేసేరు, ఇప్పుడు బతికున్నానంటే బాగోదు' అని చెవిలో చెప్పింది. పోయేడు. అక్కడే రేవులో పడవ తోసేవోడు. ప్రతి ఆదివారం మా అమ్మ చేపలమ్మడానికని కరవాక వెళ్ళేది. నేను అలా పుట్టేనర్రా, ఆలస్యం ఏం కాదు."

నేను కూలబడిపోయాను. పరువు పోయింది, మొదటి పడవ పోయింది అనుకున్నాను. అప్పుడు బుజ్జమ్మగారు, తొంభై రెండేళ్ళ మనిషి, మనవడు నాగసతీష్ భుజం పట్టుకుని లేచింది. "అది మాకు తెలుసు కదమ్మా లక్ష్మీ" అంది. "మా అమ్మ ఆ పంక్తిలో మీ నాన్న పక్కనే కూచుందంట. బతికున్నోడి పెద్దకర్మ తిన్నామంటే ఊరికి అరిష్టమని అందరూ నోరు కట్టుకున్నారు. కరవాక రేవులో ఆయన పడవెక్కితే ఎవరూ ఆయన మొహం చూసేవోరు కాదు, నీళ్ళ కేసి చూసేవోరు. ఆయన బాధపడతాడని. మొదటి పడవ మీ ఇంటికిచ్చింది కూడా అందుకే. తిన్నందుకు."

"మరి నాకెవరూ చెప్పలేదేంటండీ?" అని అరిచాను. నాకు అరవై రెండేళ్ళు మమతా! ప్రతి జాతరకీ మైకు పట్టుకుని అలలూ, ఉరుములూ, చివరి కేకలూ అన్నీ చెప్పేవాణ్ణి!

"మీరు అంత బాగా చెబుతుంటే మధ్యలో ఎలా అడ్డొస్తామండీ?" అన్నాడు ఇశ్రాయేలు. "ఆయ్, మా ఆవిడైతే ప్రతి ఏడూ ఏడ్చేదండి" అన్నాడు ఇంకొకడు. నాగసతీష్ ఒక్కడే తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. మా తరంలో తెలియనిది మా ఇద్దరికేనట. ఇద్దరం ఎక్కువ మాట్లాడతామని పెద్దలు మాకు చెప్పలేదట. వచ్చి నా పక్కన నేల మీదే కూర్చున్నాడు. "మొదటి పడవ మీదేనండి" అన్నాడు. మళ్ళీ తనే, "మేక సంగతి మాత్రం నేను అనకుండా ఉండాల్సిందండి" అన్నాడు. చెయ్యి పట్టుకున్నాను.

కరవాక వాళ్ళు ఎందుకొచ్చారో అప్పుడు తెలిసింది. తాత 1969లో అక్కడే నిద్రలో పోయాడు. పెద్దకర్మ ఇక్కడ ముందే అయిపోయింది కాబట్టి అక్కడ ఎవరూ చెయ్యలేదు. అమ్మ నీ ఉత్తరం విన్న రోజే వాళ్ళకి కబురు పంపిందట. గుమ్మడికాయ పులుసు, పులిహోర, బూరెలు, అన్నీ వాళ్ళే వండి తెచ్చారు. రెండు ఊళ్ళూ కలిసి ఆయన పేరు మీద సక్రమంగా భోంచేశాయి, ఈసారి ఎవరూ తల మీద తువ్వాలు వేసుకోకుండా.

ఫలకం మీద ఏం రాయాలని అమ్మని అడిగాను. ఆలోచించకుండా చెప్పింది, ఇశ్రాయేలు నిన్న చెక్కేశాడు: "పోతురాజు. ఓడ ఆగిపోతే ఇంటికి నడిచి వచ్చినవాడు." ఇది చాలదా అమ్మా అంటే, ఇంతకంటే ఏం చెయ్యాలిరా మనిషి అంది.

భోజనాలయ్యాక అరుగు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. నా ఉక్రోషం ఇంకా చల్లారలేదు. "ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వెప్పుడు అడిగేవురా? నువ్వు చెబుతానే ఉన్నావు" అంది.

నేను ఇంకాస్త దగ్గరికి జరిగి, "ఆయన ఎలా ఉండేవాడమ్మా?" అన్నాను. ఈ మాట నా జన్మలో మొదటిసారి అడిగాను. ఆవిడ కాళ్ళు చాపుకుని మొదలుపెట్టింది. ఆయనకి మీసం లేదట. నీళ్ళంటే లోపల భయమట, పడవ తోస్తూ పాటలు పాడేది అందుకేనట. ఆదివారం పొద్దున్న రేవులో తల్లితో పాటు ఈవిడ కనబడితే తెడ్డు వదిలేసి, పడవ దాని దారిన అది పోతుంటే, నీళ్ళలో దూకి పరిగెత్తుకొచ్చేవాడట.

నాలుగు రోజుల నుంచి ఆవిడ చెబుతోంది, నేను నోరెత్తకుండా వింటున్నాను. మీ అత్త కూడా ఫోను లోపల పెట్టి వచ్చి కూర్చుంటోంది. ప్రస్తుతం 1951లో ఉన్నాం. తొందరగా సెలవు పెట్టి రా.

మావయ్య